నీళ్ళు మంచిగనే ఉన్నయ్

బాన్సువాడలో మోటార్ల వైండింగ్ షాపు బాలరాజ్ అంటే అందరికీ తెలుసు. బాలరాజ్ భార్య వనిత అంటే కొందరికి తెలుసు. ఆ వనిత కాలేజీలో ఏం పాఠం చెబుతుందో మాత్రం ఇంట్లో ఉన్న అత్తగారికే సరిగా తెలియదు. ఎవరైనా అడిగితే ఆ పెద్దామె, "లెక్కలే గని కూడికలు తీసివేతలు కాదు, మనుషుల లెక్కలు" అనేది. ఆ మాట పట్టుకుని చాలామంది వనిత జనాభా లెక్కల ఉద్యోగి అనుకున్నారు. రేషన్ కార్డులో తప్పు పడ్డ పేర్లు దిద్దించమని పొద్దున్నే గడపలో నిలబడేవాళ్ళు. వనిత వాళ్ళను కూర్చోబెట్టి చాయ్ పోసి, తనది ఆ పని కాదని చెప్పి పంపేది. వాళ్ళు చాయ్ తాగి, చేసే మనసు లేక అట్లంటుంది అనుకుంటూ పోయేవాళ్ళు.

వనిత చెప్పేది స్టాటిస్టిక్స్. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద ఏళ్ళుగా అదే చెబుతోంది. పిల్లలకు ఆ పేరు వింటేనే జ్వరం వచ్చేది కాబట్టి, పాఠాన్ని వాళ్ళ రోజువారీ బతుకులోకి దించడం ఆమెకు అలవాటు. "మీ ఊరి బస్సు ఒకరోజు అరగంట ముందొచ్చింది, ఒకరోజు అరగంట లేటుగ వచ్చింది. సగటు తీస్తే టైముకే వచ్చినట్టు. మీరు మాత్రం ఒకరోజు బస్సు పోగొట్టుకున్నరు, ఒకరోజు ఎండల నిలబడ్డరు. గందుకే సగటు ఒక్కటే చూసి సంతోషపడొద్దు" అని చెబితే క్లాసంతా నవ్వేది. ఆ నవ్వు కోసమే ఆమె బతికేది. జీతం మీద బతకడం ఎట్లాగూ కుదిరేది కాదు.

ఆమె పుట్టింది బీర్కూర్ పక్క పల్లెలో, నాట్లకూ కలుపులకూ పోయే గంగమణి కడుపున. చిన్నప్పుడు తల్లి వెంట పొలానికి పోయినప్పుడు వనిత ఒకటి చూసింది. దాహమైందంటే కొన్ని ఇళ్ళలో అమ్మను వాకిట్లో వంగి దోసిలి పట్టమనేవాళ్ళు. పైనుంచి, చెంబు తగలకుండా, నీళ్ళు పోసేవాళ్ళు. సగం నీళ్ళు మోచేతుల మీదుగా జారి చీర తడిసేది. గంగమణి మూతి తుడుచుకుని మారు మాట్లాడకుండా మళ్ళీ మడిలో దిగేది. తర్వాత బిడ్డకు ఉద్యోగం వచ్చిన రోజున ఆమె చెప్పిన నీతి ఒక్కటే. "ఎవలింట్లనన్న నీళ్ళిస్తే వద్దనకు బిడ్డ. పూరా తాగు. గిలాస కింద పెట్టేదాక వాళ్ళు నీ మొహమే చూస్తరు."

వనిత ఆ మాట ఎన్నడూ దాటలేదు. ఆమెకు జరిగిన అవమానానికి మొదలు కూడా ఆ మాటే కావడం, చదువుకున్న మనుషులకు మాత్రమే పట్టే దురదృష్టం.

సంగతేమిటంటే, హైదరాబాదులో ఒక ట్రస్టు పల్లెల్లో మంచినీళ్ళ ప్లాంట్లు పెట్టిస్తోంది. బాన్సువాడ వైపు ఒక్క ప్లాంటే ఇస్తామన్నారు. రెండు చోట్లు వాళ్ళ ఆలోచనలో ఉన్నాయి. ఒకటి మోదుగుబండ తండా, ఇంకొకటి వర్ని దారిలో కాలువ పక్క ఊరు. ముందు జనం తమ నీళ్ళ గురించి ఏమనుకుంటున్నారో సర్వే చేయాలి. నీళ్ళు బాగాలేవని ఎక్కువమంది చెప్పిన చోట శాంపిల్ తీసి ల్యాబుకు పంపి, ప్లాంటు పెడతారు. కాలువ పక్క ఊరి సర్వే ట్రస్టు వాళ్ళే చేసుకున్నారు. తండా సర్వే కాలేజీకి ఇచ్చారు. కాలేజీలో ఆ పని తెలిసిన మనిషి వనిత ఒక్కతే.

ఇన్నేళ్ళూ బోర్డు మీద చెప్పిన పాఠం మొదటిసారి నేల మీద నడవబోతోంది. వనిత పెళ్ళిపనుల్లో కూడా అంత శ్రద్ధ పెట్టలేదని బాలరాజ్ ఎగతాళి చేశాడు. తండాలో తెలిసిన నాలుగిళ్ళకు పోయి రాసుకొస్తే అది సర్వే కాదు కదా. ఇళ్ళన్నింటికీ చీటీలు రాసి, స్టీలు డబ్బాలో వేసి కలిపి, కళ్ళు మూసుకుని తీసింది. "లక్కీ డ్రానా?" అని అడిగింది అత్తగారు. "గట్లాంటిదే అత్తమ్మ. గిట్ల తీస్తే ఎవలకు పక్షపాతం ఉండది." ప్రశ్నలోనే జవాబు దొర్లకుండా ఒక్కొక్క మాట తూచి రాసింది. 'మీ నీళ్ళు పాడుగా ఉన్నాయి కదా' అని అడగకూడదు. 'మీ ఇంట్లో తాగే నల్లా నీళ్ళు ఎట్లున్నాయి?' అని మాత్రమే అడగాలి. చాలా బాగున్నాయి నుంచి అస్సలు బాగాలేవు దాకా ఐదు మెట్ల జవాబులు. తన పద్ధతిలో వంక పెట్టే మొనగాడు జిల్లాలో లేడని ఆమె నమ్మకం. నిజంగానే లేడు. పుస్తకంలో రాసిన తప్పుల్లో ఒక్కటి కూడా ఆమె చేయలేదు.

తండాలో ఏ ఇంటికి పోయినా ముందు మంచం వాల్చారు, దాని మీద దుప్పటి పరిచారు, తళతళలాడే గ్లాసుతో నీళ్ళిచ్చారు. వనిత తల్లి చెప్పినట్టే ప్రతి ఇంట్లో గ్లాసు అడుగు కనపడేదాకా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. అప్పుడు కాగితాలు తీసి, "అవ్వా, మీ నల్లా నీళ్ళెట్లున్నయ్?" అని అడిగింది.

"మంచిగనే ఉన్నయ్ బిడ్డ."

పక్కింట్లో, "ఏం ఫికర్ లేదు మేడం, మంచిగున్నయ్."

ఆ తర్వాతి ఇంట్లో ముసలాయన నవ్వాడు కూడా. "నువ్వే తాగినవ్ గద, ఎట్లున్నయ్?"

"చల్లగ మంచిగున్నయ్ కాక."

"ఆఁ, గట్లనే రాసుకో."

సగం ఇళ్ళు తిరిగేసరికి వనిత నడుస్తుంటే కడుపులో నీళ్ళు కదిలే చప్పుడు ఆమెకే వినపడింది. చివరికి సోనాబాయి అనే పెద్దామె ఇంట్లో సిగ్గు విడిచి బాత్‌రూమ్ అడగాల్సి వచ్చింది. మోచేతుల దాకా గాజులున్న సోనాబాయి నవ్వాపుకుంటూ దారి చూపించి, వచ్చాక మళ్ళీ ఇంకో గ్లాసు నీళ్ళిచ్చింది. వనిత అదీ తాగింది.

రిపోర్టు తయారైంది. తండాలో దాదాపు అందరూ నీళ్ళతో తృప్తిగా ఉన్నారు. బార్ చార్టు గీస్తే 'బాగున్నాయి' అనే చోట ఒక్క గీత జెండా కర్రలా లేచి నిలబడింది. మిగతా నాలుగు చోట్లా నేలకంటుకుని ఉన్నాయి. చివరి పేజీలో వనిత ఒక వాక్యం అదనంగా చేర్చింది. 'పరిశోధకురాలు ప్రతి ఇంటిలోను స్వయంగా నీరు త్రాగి రుచి నిర్ధారించుకొనినది.' ఆ వాక్యం రాశాక రెండుసార్లు చదువుకుని మురిసింది.

ప్రిన్సిపాల్ భీంరావుకు చార్టు తెగ నచ్చింది. కాలేజీ పేరు హైదరాబాదు దాకా పోతోందని దాన్ని ఫ్లెక్సీ మీద వేయించి గేటుకు కట్టించాడు. ఒక మూలన వనిత ఫొటో. ఎప్పుడో పెళ్ళిలో తీసింది దొరికితే అదే పెట్టారు, మెడలో పూలదండతో సహా. అటుగా పోయిన ఇద్దరు ముగ్గురు మేడం పోయిందేమోనని బాలరాజ్‌కు ఫోన్ చేశారు.

క్లాసులో ప్రవళిక అనే అమ్మాయి చెయ్యెత్తింది. "మేడం, అందరూ ఒకటే జవాబు చెప్తే డౌటు పడాలని మీరే చెప్పిన్రు గద?"

"గది మామూలు కేసుల. గిక్కడ పాపులేషన్ హోమోజీనియస్, అంటే అందరు ఒక్క తీరోళ్ళే" అంది వనిత. పిల్లలు రాసుకున్నారు.

ట్రస్టు వాళ్ళతో మీటింగు కాలేజీ సెమినార్ హాల్లోనే పెట్టారు. రెండు ఊళ్ళ వాళ్ళనూ పిలుస్తారు, ప్లాంటు ఎక్కడికో అక్కడే చెప్పేస్తారు. దానికి ముందు భీంరావుకు ఇంకో ఆలోచన వచ్చింది. తండాలో ఎవరైనా నల్లా దగ్గర నవ్వుతూ నీళ్ళు తాగుతున్న ఫొటో ఒకటుంటే స్క్రీన్ మీద బాగుంటుందన్నాడు.

వనిత మరుసటి మధ్యాహ్నం, ముందుగా చెప్పకుండా ఆటోలో తండాకు పోయింది. మనుషులంతా కలుపుకు పోయినట్టున్నారు. ఎక్కడా అలికిడి లేదు. ఎండకు నాలుక పిడచగట్టింది. మలుపులో నల్లా కనపడింది. సొంతంగా రుచి నిర్ధారించుకున్న నీళ్ళే కదా అని వంగి, దోసిలి పట్టి, నోటినిండా తాగింది.

మింగలేకపోయింది. తుప్పు పట్టిన తాళంచెవిని ఉప్పులో ముంచి నాలుక మీద పెట్టినట్టుంది. ఉమ్మేసింది. మళ్ళీ పుక్కిలిద్దామంటే ఉన్నవి ఆ నీళ్ళే.

"మేడం, గవి తాగద్దు, ఆగుండ్రి" అంటూ ఒక ఇంట్లోంచి ధర్మి అనే కోడలుపిల్ల పరుగున వచ్చింది. చేయి పట్టి లోపలికి తీసుకుపోయింది. మూలన ముసుగేసిన బుంగలాంటిదేదో ఉంది. మీది గుడ్డ తీస్తే అది టౌనునుంచి తెచ్చే ఫిల్టర్ నీళ్ళ క్యాను. ధర్మి అందులోంచి గ్లాసు నింపి ఇచ్చింది. అవే నీళ్ళు. ఇన్ని ఇళ్ళలో తాగిన ఆ చల్లని, తియ్యని నీళ్ళు.

"గీ క్యాను మీరు తాగడానికా?" క్యాను చూపించి అడిగింది వనిత.

"కాదు మేడం, చుట్టాలకు. మేం నల్లా నీళ్ళే తాగుతం. చుట్టాలొచ్చినప్పుడు గవి ఎట్ల ఇస్తం?"

"మరి ఆనాడు నల్లా నీళ్ళు మంచిగున్నయని చెప్పిన్రు గద, అందరు?"

ధర్మి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "మీరు తాగుతుంటిరి గద మేడం."

వనిత గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. కింద పెట్టలేదు, తాగలేదు. స్వయంగా నీరు త్రాగి రుచి నిర్ధారించుకొనినది. ఆ వాక్యం గేటు దగ్గర ఫ్లెక్సీలో కూడా ఉంది, తన దండ ఫొటో కింద.

ఆ సాయంత్రం బాలరాజ్ చేతులకంటిన వార్నిష్ కిరసనాయిలుతో తుడుచుకుంటూ మొత్తం విన్నాడు. ముందు నవ్వాడు. పెళ్ళాం మొహం చూసి ఆపాడు.

"గిది ఎవలకు తెల్సు?"

"నాకు తెల్సు."

"అంటే ఎవలకు తెల్వదన్నట్టే గద."

"నాకు తెల్సు అంటున్న గదా."

"నీకు తెల్సుడు ఒక లెక్కనా? నేను కట్టిన మోటర్లల్ల ఎన్ని కాలిపోయినయో నాకు తెల్సు. ఫ్లెక్సీ కట్టుకున్ననా?"

వనిత మర్నాడు ట్రస్టు కుర్రాడు వినోద్‌కుమార్‌కు ఫోన్ చేసింది. నేరుగా చెప్పే ధైర్యం లేక పక్కదారి పట్టింది. "సార్, మీ దగ్గర సర్వేల ఎర్రర్ ఎంత దాక ఒప్పుకుంటరు?"

"ఫైవ్ పర్సెంట్ మేడం. మీది ఎంతుంది?"

"కొంచెం ఎక్కువుంటది" అని పెట్టేసింది.

మళ్ళీ సర్వే చేస్తే సరిపోతుంది, అనుకుంది. ఈసారి తప్పెక్కడుందో తెలుసు. నీళ్ళు తాగకుండా అడగాలి, అంతే. ఇంటినుంచి సీసాలో నీళ్ళు పట్టుకుని మళ్ళీ తండాకు పోయింది. మొదటి ఇల్లు సోనాబాయిదే. మంచం వాల్చింది, దుప్పటి పరిచింది, గ్లాసు తెచ్చింది.

"వద్దవ్వా. నా దగ్గర ఉన్నయ్." వనిత సంచిలోంచి సీసా తీసి చూపించింది.

సోనాబాయి చాపిన చెయ్యి అట్లాగే ఉంది. "మొన్న తాగినవ్ గద బిడ్డ."

"తాగిన."

"మరి ఇయ్యాల ఏమైంది? మా తాన తాగద్దని ఎవలన్న అన్నరా?"

వనితకు కళ్ళ ముందు వాకిట్లో వంగిన అమ్మ కనపడింది. ఆ వాకిట్లో ఇప్పుడు తను దోసిలి పట్టే వైపుందో, పైనుంచి నీళ్ళు పోసే వైపుందో ఆలోచించడానికి భయమేసింది. "గట్ల కాదవ్వా" అని మొదలుపెట్టింది. నీళ్ళు తాగి అడిగితే జవాబు మీద దాని ప్రభావం పడుతుందని, అది పరిశోధనకు మంచిది కాదని, పద్ధతి ప్రకారం పోవాలని ఏదేదో చెప్పింది. తన మాటలు తనకే వేరే ఊళ్ళో ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడ్డాయి.

సోనాబాయి అంతా విన్నది. "అయిందా? ఇగ అడుగు."

"మీ నల్లా నీళ్ళెట్లున్నయ్ అవ్వా?"

"మంచిగనే ఉన్నయ్."

మొన్నటి మాటే. మొన్న అది మర్యాద, ఇవ్వాళ తలుపు వేసుకోవడం. సోనాబాయి గ్లాసులో ఉన్న ఆ కొని తెచ్చిన నీళ్ళను మేక ముందున్న తొట్టిలో వంచేసింది. మేక చప్పుడు చేస్తూ తాగింది. సోనాబాయి లోపలికి పోయింది. తండా చిన్నది, వనిత రెండో ఇంటికి చేరేలోపు మాట ముందే చేరింది. అక్కడ మంచం వాల్చలేదు. "పనుంది మేడం" అన్నారు. ఆ తర్వాతి ఇంట్లో అది కూడా అనలేదు.

మీటింగు రోజు పొద్దున ఆమె భీంరావు గదిలో నిలబడి చెప్పేసింది. "సార్, సర్వే తప్పు."

"ఎంత తప్పు? పాయింటు తర్వాత అంకెనా?"

"మొత్తం తప్పు సార్."

భీంరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు, ఫ్లెక్సీ కట్టించిన మనిషి, అంతే. "చూడు వనితా, కొంత తప్పైతే తప్పంటరు. మొత్తం తప్పైతే అది ఇంకో అభిప్రాయం. జనమే చెప్పిన్రు మంచిగున్నయని. నువ్వు రాసినవ్. గిండ్ల నీదేముంది? నీ కాంట్రాక్టు కూడ వచ్చే నెల రెన్యూవల్ కున్నది. నేనే సంతకం పెట్టాలె. నాకు పరేషాన్ చెయ్యకు."

హాలు నిండింది. ఒకవైపు కాలువ పక్క ఊరి వాళ్ళు, ఒకవైపు తండా వాళ్ళు, వెనక పిల్లలు. తండా వాళ్ళలో ముందు వరసలో సోనాబాయి, ఆమె పక్కన తండా పెద్ద హర్యా. మొన్న, 'గట్లనే రాసుకో' అని నవ్విన ముసలాయన అతనే. సోనాబాయి వనితవైపు చూడలేదు. వినోద్‌కుమార్ స్క్రీన్ మీద చార్టు వేశాడు. జెండా కర్ర లేచి నిలబడింది.

"తండా డేటా చాలా క్లియర్‌గా ఉంది. నీళ్ళతో ప్రాబ్లం లేదు. సో, ప్లాంటు మనం కాలువ పక్క ఊరికి..."

వనిత లేచింది.  "సార్, ఒక్క నిమిషం. నేను చేసిన సర్వే తప్పు. తండా నీళ్ళు తాగేటట్టు లేవు. నాకు ప్రతి ఇంట్ల చుట్టాల కోసం తెచ్చిపెట్టుకున్న ఫిల్టర్ నీళ్ళిచ్చిన్రు. నేను గవి తాగి, గిలాస చేతిల ఉండంగనే నల్లా నీళ్ళెట్లున్నయని అడిగిన. ఇంటికొచ్చిన మనిషి మొహం మీద నీళ్ళు బాగలేవని ఎవలు చెప్తరు? రుచి చూసిననని రాసిన గదా, నేను చూసింది నల్లా నీళ్ళు కాదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు వరస వెంట పాకింది. తన నవ్వుల క్లాసే అది. ఈసారి బస్సు మీద కాదు. ప్రవళిక మాత్రం తల వంచుకుని ఉంది, అది నవ్వుకంటే ఎక్కువ గుచ్చుకుంది. భీంరావు కిటికీవైపు చూస్తున్నాడు.

వినోద్‌కుమార్ తికమకపడి తండావైపు తిరిగాడు. "పెద్దమనిషీ, మేడం చెప్పేది నిజమేనా? మీ నీళ్ళు బాగలేవా?"

హర్యా మెల్లగా లేచాడు. తలపాగా సర్దుకున్నాడు. వనితవైపు, ఆమె చుట్టూ నవ్వుతున్న పిల్లలవైపు చూశాడు. ఆడబిడ్డ నలుగురిలో నిలబడి మాటపడుతోంది. అతనికి అదొక్కటే కనపడినట్టుంది.

"మేడంది ఏం తప్పు లేదు సారు. మస్తు తిరిగింది ఎండల. నీళ్ళు మంచిగనే ఉన్నయ్."

తండా వాళ్ళంతా తలలూపారు. సోనాబాయి కూడా, కోపం కోపమే, తల ఊపింది.

వనితకు అర్థమైంది. తనను కాపాడటానికి వాళ్ళు ప్లాంటును వదిలేసుకుంటున్నారు. ఊరుకుంటే చాలు. పరువు మిగులుతుంది, కాంట్రాక్టు మిగులుతుంది. అందరి మర్యాదా అందరి దగ్గరే ఉంటుంది. వినోద్‌కుమార్ అప్పుడే కాగితం మీద పెన్ను పెట్టాడు.

ఎట్లున్నాయి అని అడిగితే మనిషి నీకు నచ్చే జవాబు చెబుతాడు; నిన్న ఏం చేశావని అడుగు. ఈ మాట ఆమె ఏటా క్లాసులో రాయిస్తుంది. దాన్ని ఒక ముసలాయన మీద ఇట్లా వాడాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

"హర్యా కాక," అంది. "నిన్న రాత్రి అన్నం తిన్నంక ఏ నీళ్ళు తాగినవ్?"

హర్యా సోనాబాయి వైపు చూశాడు.

"నా మీద ఒట్టు కాక. ఏ నీళ్ళు?"

"నల్లాయి."

"నాకిచ్చినవి?"

"క్యానువి."

"నల్లాయి నాకెందుకు ఇయ్యలేదు?"

 హర్యా చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "గవి నీకెట్ల ఇస్తం బిడ్డ?" అన్నాడు. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, "తాగి తాగి మా ఆడోళ్ళకు కీళ్ళు పట్టుకున్నయ్. ఇంటికొచ్చినోళ్ళకు గిది చెప్పుకుంటమా" అని కూర్చున్నాడు. కూర్చుని తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంట్లో మూలన గుడ్డ కప్పి దాచుకున్నదాన్ని పదిమంది ముందు తీసి చూపించినట్టయింది అతనికి. ఆ గుడ్డ లాగింది వనిత.

కావలసిన జవాబు వచ్చింది. వనిత కూర్చుంది. తల ఎత్తలేదు.

వినోద్‌కుమార్ రాయబోయింది ఆపాడు. ప్లాంటు సంగతి ఇవ్వాళ తేల్చేది లేదని, రెండు చోట్లా తామే నీళ్ళు పట్టి ల్యాబుకు పంపుతామని చెప్పాడు. ల్యాబుకు చుట్టాల మర్యాద తెలియదు కాబట్టి తండా నీళ్ళ గురించి అదేం చెబుతుందో హాల్లో అందరికీ తెలిసిపోయింది. కాలువ పక్క ఊరి వాళ్ళు గొణుక్కుంటూ లేచారు. పోతూ పోతూ వినోద్‌కుమార్ ఈసారి కాలేజీ వాళ్ళు రానక్కరలేదని మెత్తగా చెప్పాడు. భీంరావు అటెండరును పిలిచి ఫ్లెక్సీ విప్పేయమన్నాడు. వనితతో ఒక్క మాట అనలేదు. కాంట్రాక్టు మాట కూడా అనలేదు. ఆమెను అదే ఎక్కువ భయపెట్టింది.

గేటు బయట తండా వాళ్ళ ఆటో నిలబడి ఉంది. వనిత ఇల్లు కూడా అదే దారిలో. నడిచిపోదామనుకుంది. వాళ్ళ పక్కనుంచి తల వంచుకుని పోతుంటే సోనాబాయి లోపలికి జరిగి, సీటు మీద చేత్తో తట్టింది. పిలవలేదు, తట్టింది. వనిత ఎక్కి కూర్చుంది. ముందు సీట్లో హర్యా తలపాగా మళ్ళీ చుట్టుకుంటున్నాడు, వెనక్కి తిరగలేదు. 

"కాక," అంది వనిత. ముందు సీటు కడ్డీ పట్టుకుంది.

"ఏం కాదు తియ్" అన్నాడు హర్యా రోడ్డు చూస్తూనే. కోపం పోయిందో, మర్యాదకన్నాడో తెలియలేదు. ఆ తేడా తెలుసుకునే పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదని వనితకు తెలుసు.

సోనాబాయి ఆమె మొహంలోకి చూసింది. "తిన్నవా?"

పొద్దున్నుంచి వనిత నోట్లో మెతుకు పడలేదు.

"తిన్ననవ్వా" అంది.

సోనాబాయి ఒళ్ళో మూట విప్పి, జొన్నరొట్టె సగం తుంచి, పచ్చడి అద్ది ఆమె చేతిలో పెట్టింది.